పాత అంకెలకు పునర్జన్మ

హైదరాబాదులో తార్నాక ప్రాంతం చదువుకూ పరిశోధనకూ పేరుపడ్డది. ఒక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ, ఆ దగ్గరనే జాతీయ పోషకాహార సంస్థ వున్నాయి. విశ్వవిద్యాలయానికి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞులు ఒకప్పుడు నక్షత్రాల స్థానాలను కొలిచి వ్రాశారు. పోషకాహార సంస్థవారు పల్లెలలోని పిల్లల బరువులను తూచి వ్రాశారు. నక్షత్రానికీ పసిపిల్లకూ పోలిక ఏమిటని విద్యార్థులు అడుగవచ్చు. పోలిక వున్నది. రెండు చోట్లా పని చివరకు అంకెల పట్టికగా మిగులుతుంది. ఆ పట్టికను అసలు అక్కరకు తెచ్చుకునేవారు, దానిని వ్రాసినవారి తరువాత ఎన్నో ఏళ్ళకు వస్తారు. అప్పటికి పట్టిక మిగిలివుంటే చాలునా? దానిని చదివే విధానం కూడా మిగిలివుండవద్దా?

ఈ ప్రశ్న నేటి కాలంలో మరింత పదునెక్కింది. ఇప్పుడు అంకెలన్నీ కంప్యూటరులో చేరుతున్నాయి కదా!

మూగబోయిన యంత్రం

పాతిక ముప్ఫై ఏళ్ళనాడు ఒక కార్యాలయంలో సమాచారమంతా ఒక సర్వరులోని డేటాబేసులో చేర్చారనుకుందాం. ఆ యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టం ఒకటి. నేటి యంత్రాలను నడిపేది మరొకటి. పాత యంత్రం డిస్కును తీసి క్రొత్తదానికి తగిలించినంత మాత్రాన సమాచారం చేతికి రాదు. ఎందువలన?

కంప్యూటరు అక్షరాలను కూడా సంఖ్యలుగానే దాచుతుంది. నేడు వాడుకలో వున్న సంకేతావళిలో ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి పెద్ద అక్షరానికి గుర్తు 65. ఐ.బి.ఎం. వారి పాత పెద్ద యంత్రాలలో అదే అక్షరానికి గుర్తు 193. తెలుగు లిపికి 1991లో యూనికోడు రాకమునుపు ఒక్కొక్క అక్షరరూపాల కూర్పుకు ఒక్కొక్క గుర్తుల పట్టిక వుండేది. ఆ కూర్పు పోతే తెలుగు వాక్యం అర్థంలేని గుర్తుల వరుసగా కనబడుతుంది. సంఖ్యల సంగతీ ఇంతే. రెండు గడులలో దాచిన సంఖ్యలో పెద్ద విలువ గల గడిని కొన్ని యంత్రాలు ముందు వ్రాస్తాయి, కొన్ని వెనుక వ్రాస్తాయి. ఒక యంత్రం వ్రాసిన 1ని రెండవ యంత్రం 256గా చదువుతుంది! వీటన్నిటికీ మించి, డేటాబేసులో ఏ వరుస ఏ వరుసతో ముడిపడి వున్నదో దానిని వ్రాసిన ప్రోగ్రాముకు మాత్రమే తెలుసు. పెట్టె దొరికింది, తాళంచెవి పోయింది అన్నట్లుంటుంది పరిస్థితి.

దీనికి నిపుణులు చేసే ఉపాయం ఇది. పాత ప్రోగ్రామును పాత యంత్రంలోనో, దానిని అనుకరించే ఏర్పాటులోనో ఒక్కసారి నడిపిస్తారు. సమాచారాన్ని ఏ యంత్రమైనా చదవగల సాదా అక్షరాల పట్టికగా బయటకు వ్రాయిస్తారు. ఏ నిలువు వరుసలో ఏమున్నది, ఏ కొలమానంలో వున్నది అనేది వేరే కాగితంపై నమోదు చేస్తారు. తరువాత క్రొత్త యంత్రంలోనికి ఎక్కించి, వరుసల సంఖ్యలూ మొత్తాలూ సరిపోయినవో లేవో చూస్తారు.

అయితే ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. కంప్యూటరు లేని కాలంలో హైదరాబాదులో వ్రాసిన ఒక మహాపట్టిక, యాభై ఏళ్ళకు పైగా గడిచిన పిదప, ఇటువంటి పరీక్షనే ఎదుర్కొని నెగ్గింది.

ఆకాశానికి పటం

1887లో పారిస్ వేధశాల అధ్యక్షుడు అడ్మిరల్ మూషే ఒక అంతర్జాతీయ సభను పిలిచాడు. యాభైమందికి పైగా శాస్త్రజ్ఞులు వచ్చారు. అప్పటికి ఛాయాచిత్రకళ నక్షత్రాలను పట్టుకోగల స్థితికి వచ్చింది. ఆకాశమంతటినీ ముక్కలుగా విభజించి, ప్రపంచంలోని వేధశాలలకు పంచి, ఒక్కొక్క ముక్కను గాజుపలకపై ఛాయాచిత్రం తీయాలని సభ తీర్మానించింది. సుమారు పదకొండవ తరగతి కాంతి వరకు గల నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టికలుగా ముద్రించాలి. వాటికంటే మసక నక్షత్రాలతో ఒక పటం కూడా వేయాలి. మామూలు కంటికి ఆరవ తరగతి నక్షత్రం కనబడడమే కష్టమని గుర్తుంచుకుంటే ఈ పని ఎంతటిదో తెలుస్తుంది.

అన్ని వేధశాలలూ మాట నిలుపుకోలేకపోయాయి. దక్షిణ ఆకాశంలో మైనస్ 17 నుండి మైనస్ 23 అంశల వరకు గల పట్టీ చిలీ దేశంలోని సాంటియాగోకు చెందినది. అక్కడ పని సాగలేదు. ఆ పట్టీ హైదరాబాదుకు వచ్చింది.

బేగంపేటలో దీక్ష

నవాబు జఫర్ జంగు అనే హైదరాబాదు ప్రభువుకు ఖగోళశాస్త్రమంటే మక్కువ. 1901లో ఆయన ఇంగ్లండునుండి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, నగరంలోని ఫిసల్‌బండలో వేధశాలకు పునాది వేశాడు. నక్షత్రాల ఛాయాచిత్రాలు తీయడానికి కుక్ సంస్థ నిర్మించిన 8 అంగుళాల దూరదర్శిని కూడా సంపాదించాడు. ఆయన మరణానంతరం 1908లో వేధశాల నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆర్థర్ చాట్‌వుడ్ అధ్యక్షుడయ్యాడు. పరికరాలు బేగంపేటకు మారాయి. చాట్‌వుడ్ తరువాత 1914లో రాబర్ట్ పోకాక్ వచ్చాడు. 1918 నుండి 1944 వరకు టి. పి. భాస్కరన్ అధ్యక్షులుగా పనిచేశారు. 1919లో వేధశాలను, అంతకు ముందు సంవత్సరమే స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించారు.

తమ పట్టీకోసం హైదరాబాదువారు 1914 నుండి 1929 వరకు 1260 పలకలు తీశారు. ఏడు వరుసలు, వరుసకు 180 పలకలు. ఆకాశపు చుట్టు 24 గంటలు, అనగా 1440 నిమిషాలు. దానిని 180 చేత భాగిస్తే 8 నిమిషాలు. అంటే ప్రక్కప్రక్క పలకల మధ్య నక్షత్రాలు 8 నిమిషాల దూరం జరుగుతాయన్నమాట. ఇదయ్యాక, జర్మనీలోని పోట్స్‌డాం వేధశాల వదిలివేసిన ఉత్తర పట్టీలోనుండి 36 మొదలు 39 అంశల వరకు గల భాగాన్ని కూడా తీసుకుని, 1928–1938 మధ్య మరి 592 పలకలు తీశారు. ఇతరులు విడిచిన రెండు భారాలను ఒక చిన్న వేధశాల మోసింది.

గాజునుండి కాగితానికి

పలకపై 5 మిల్లీమీటర్ల ఎడంతో నిలువు, అడ్డు గీతల వల ముద్రించి వుంటుంది. కొలిచే ఉద్యోగి సూక్ష్మదర్శినిలో చూచి, ప్రతి నక్షత్రపు చుక్కా ఆ గీతలకు ఎంత దూరంలో వున్నదో చెబుతాడు. పలకపై 1 మిల్లీమీటరు ఆకాశంలో 60 వికలలకు సమానం. ఒక అంశలో 3600 వికలలు వుంటాయి గదా! కాబట్టి ఒక వికలలో నాల్గవ వంతు కొలవాలంటే మిల్లీమీటరులో 240వ వంతును పట్టుకోవాలి. ఇట్లా లక్షల చుక్కలు!

ఈ పట్టికలలో ఒక విశేషమున్నది. వాటిలో నక్షత్రాలకు ఆకాశంలోని స్థానాలు వుండవు. ఏ పలక, ఏ తేదీ, పలకపై అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని మాత్రమే వుంటుంది. పలక కాస్త ప్రక్కకు జరిగి వుండవచ్చు, కాస్త తిరిగి వుండవచ్చు, దాని కొలబద్ద కాస్త హెచ్చుగానో తగ్గుగానో వుండవచ్చు. వీటిని సవరించి ఆకాశ స్థానాలు కట్టడానికి ప్రతి పలకకూ ఆరు స్థిరాంకాలు కావాలి. స్థానం ముందే తెలిసిన నక్షత్రం ఒకటి రెండు సమీకరణాలనిస్తుంది. కనుక అటువంటి ఆధార నక్షత్రాలు మూడుంటే ఆరు స్థిరాంకాలనూ కట్టవచ్చు. పట్టికలతోపాటు ఆనాటికి కట్టగలిగిన స్థిరాంకాలను కూడా ముద్రించారు. అయితే ఆ రోజులలో ఆధార నక్షత్రాల స్థానాలే అంత నమ్మదగినవి కావు.

అందువలన ఈ సంపుటాలను వాడుకునేవారు చాలాకాలం అరుదుగా వుండిరి. ప్రతి నక్షత్రానికీ చేతితో లెక్క కట్టుకోవాలి. కట్టినా ఫలితం అంతంతమాత్రం. పది పదిహేనేళ్ళలో ముగియవలసిన పట్టికల ముద్రణ 1964 వరకు సాగింది. పటం సంగతి మరీ అన్యాయం. 1970లో దానిని అసంపూర్తిగానే ముగించారు. కొండను త్రవ్వి ఎలుకను పట్టారని అనుకునేవారికి సాకు దొరికింది.

కాగితంనుండి కంప్యూటరుకు

కంప్యూటరు వచ్చి ఈ తీర్పును తిరగవేసింది. 1980, 1990ల దశకాలలో మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ సంస్థవారు, అమెరికా నావికా వేధశాలవారు ముద్రిత సంపుటాలలోని అంకెలను యంత్రం చదివే రూపంలోనికి ఎక్కించారు. అచ్చుతప్పులు, వ్రాతతప్పులు దొర్లకుండా వుంటాయా? వాటిని పట్టుకోవడానికి పూర్వులే ఒక ఉపాయం చేసి వుంచారు. ఒక పలక మూల మరొక పలక మధ్యకు వచ్చేటట్లు ఛాయాచిత్రాలు తీయడంవలన సామాన్యంగా ప్రతి నక్షత్రమూ కనీసం రెండు పలకలపై పడింది. రెండు కొలతలూ కలవకపోతే ఎక్కడో పొరపాటున్నదని తెలుస్తుంది.

తరువాత ఆధార నక్షత్రాల సంగతి. ఐరోపావారి హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుండి 1993 వరకు ఆకాశాన్ని కొలిచి, నమ్మకమైన స్థానాలను ఇచ్చింది. అమెరికా శాస్త్రజ్ఞులు పాత స్థిరాంకాలను ప్రక్కకు పెట్టి, క్రొత్త ఆధారాలతో ప్రతి పలకకూ స్థిరాంకాలను మళ్ళీ కట్టారు. ఒక్కొక్క వేధశాల దూరదర్శినిలోని వంకరలను వేరువేరుగా సవరించారు. ఇట్లా 1997లో 46,21,836 నక్షత్రాలతో ఒక పట్టిక వెలువడింది. బేగంపేటలో కొలిచిన చుక్కలు అందులో వున్నాయి.

ఒక్క క్షణం ఆలోచించండి. హైదరాబాదువారు ఆనాటి స్థిరాంకాలతో ఆకాశ స్థానాలు కట్టి, వాటిని మాత్రమే ముద్రించి, మూల కొలతలను పారవేసి వుంటే ఏమయ్యేది? ఆనాటి ఆధారాలలోని తప్పులు ప్రతి నక్షత్రానికీ అంటుకుని, విడదీయడం మహాకష్టమయ్యేది. వారు మూల కొలతను, పలక సంఖ్యను, తేదీని కలిపి వుంచారు. అదే పెట్టె, అదే తాళంచెవి.

నక్షత్రాల నడక

ఈ శ్రమకు ఫలితమేమిటి? నక్షత్రాలు స్థిరంగా వుండవు. ప్రతిదీ తన దారిన నడుస్తుంది. దూరంలో వున్నందున ఆ నడక మనకు బహు స్వల్పంగా కనబడుతుంది. దీనినే స్వీయచలనం అంటారు. ఏడాదికి వికలలో పదవ వంతు జరిగే నక్షత్రం, ఉపగ్రహం చూచిన మూడున్నర ఏళ్ళలో 0.35 వికల మాత్రమే జరుగుతుంది. 1920లో హైదరాబాదు పలకపై పడిన అదే నక్షత్రం 1991 నాటికి 7.1 వికలలు జరిగి వుంటుంది. పలక కొలతలో అది సుమారు 0.12 మిల్లీమీటరు. పాత కొలతలో నాల్గవ వంతు వికల తప్పున్నా, దానిని 71 ఏళ్ళకు పంచితే ఏడాదికి 0.0035 వికల తప్పు మాత్రమే. పరికరం మోటుదైనా కాలం దాని లోపాన్ని పూడ్చింది.

డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎరిక్ హోగ్, ఆయన సహచరులు 2000లో ఉపగ్రహపు కొలతలను పాత గాజుపలకల కొలతలతోనూ, భూమిపైనుండి తయారైన ఇతర పట్టికలతోనూ జతచేసి సుమారు 25 లక్షల నక్షత్రాల నడకలను కట్టారు. 2013లో ఎగిరిన గయా ఉపగ్రహం తరువాత ఇంతకంటె ఎంతో సూక్ష్మంగా కొలిచింది, నిజమే. కాని 1920లో ఒక నక్షత్రం ఎక్కడ వున్నదో చూచి రావడానికి ఏ ఉపగ్రహమూ వెనుకకు పోలేదు. అది ఆ పలకలకే తెలుసు.

తార్నాకలో తూకాలు

ఇప్పుడు తార్నాకకు తిరిగి వద్దాం. పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. దాని ఆధ్వర్యంలో 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంఘం ఎన్నో రాష్ట్రాలలో ఇంటింటి ఆహారాన్ని, పిల్లల బరువులను, ఎత్తులను నమోదు చేసింది. పిల్ల బక్కచిక్కినదా లేదా అనేది ఒక ప్రమాణంతో పోల్చి చెప్పే మాట. చాలాకాలం అమెరికా పిల్లల కొలతలే ప్రమాణంగా వుండేవి. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారతదేశంతో సహా ఆరు దేశాల పిల్లలను చూచి క్రొత్త ప్రమాణం ప్రకటించింది. పాత సర్వేను క్రొత్త ప్రమాణంతో చూడాలంటే, నూటికి ఇంతమంది బలహీనులు అనే మొత్తం పనికిరాదు. ప్రతి పిల్ల వయస్సు, బరువు, ఎత్తు కావాలి. నక్షత్రానికి పలక కొలత ఎటువంటిదో, పిల్లకు తూకం అటువంటిది. ప్రమాణాలు మారుతాయి, కొలత మారదు.

పాఠశాలలో

ఈ పాఠానికి ఉపగ్రహాలు అక్కరలేదు. పాఠశాలలో వర్షమాపకం వుంటే, ఈ నెల వాన ఎక్కువ అని వ్రాయడం కాదు. ఏ తేదీన, ఏ వేళకు, ఏ పరికరంతో, ఎన్ని మిల్లీమీటర్లు అని వ్రాయాలి. పొరపాటు పడితే చెరిపివేయక, కొట్టివేసి ప్రక్కన దిద్దాలి. కంప్యూటరులో చేరిస్తే ఒక ప్రతిని సాదా పట్టికగా కూడా దాచాలి. ఏ వరుస అర్థమేమిటో దాని మొదటి పుటలోనే చెప్పాలి. యంత్రం మార్చిన ప్రతిసారీ పాతదానిని తీసివేయకమునుపే క్రొత్తదానితో సరిచూడాలి.

బేగంపేట వేధశాలలో నేడు దూరదర్శినులు ఆకాశాన్ని చూడవు. ఆ ఆవరణలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఒకటి నడుస్తున్నది. కాని ఆ గూళ్ళక్రింద రాత్రులు మేల్కొని పలకలు తీసినవారి, పగళ్ళు కూర్చుని చుక్కలు కొలిచినవారి అంకెలు ప్రపంచంలోని కంప్యూటర్లలో ఇంకా పనిచేస్తున్నాయి. వాటిని వ్రాసినవారిలో కంప్యూటరును ఊహించినవారు లేరు. ఉన్నది ఉన్నట్లు వ్రాసి, చదివే దారిని ప్రక్కనే వ్రాసి వుంచారు. అంతే.