యూరోవిజన్‌లో బ్రిటన్ పాట: ఆడలేక మద్దెల ఓడా?

మే నెల వచ్చిందంటే బ్రిటన్ ఆఫీసుల్లో ఒక వారం పాటు పని కంటే పాట గురించిన మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. యూరోవిజన్ సాంగ్ కాంటెస్ట్ ఫైనల్ శనివారం రాత్రి జరుగుతుంది. సోమవారం పొద్దున కాఫీ మెషీను దగ్గర పంచాయితీ మొదలవుతుంది. "యూరప్ వాళ్ళకి మనమంటే గిట్టదు, అందుకే మార్కులు వెయ్యరు" అని ఒకరంటే, "పాటే బాగాలేదు, వాళ్ళనేం అంటాం?" అని ఇంకొకరు. నేను ఈ దేశానికి ఎమ్మెస్ చదవడానికి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డవాణ్ణి. ఏటా ఈ వాదన వింటున్నాను. మన పాఠకుల్లో చాలామంది కూడా వింటూనే ఉంటారు, కానీ లెక్కలు తెలియక నవ్వి ఊరుకుంటారు. పోటీ ఏమిటి, మార్కులు ఎలా వేస్తారు, ఎవరి వాదనలో ఎంత పస ఉంది అన్నవి ఒకచోట చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోటీ సంగతి

యూరోవిజన్ 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానో నగరంలో 7 దేశాలతో మొదలయింది. దీన్ని నడిపేది యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్. పోటీ చేసేది ప్రభుత్వాలు కాదు, ఆయా దేశాల టీవీ సంస్థలు. బ్రిటన్ తరఫున బి.బి.సి. పాటని పంపుతుంది. పాట 3 నిమిషాలు దాటకూడదు. స్టేజి మీద ఆరుగురికి మించి ఉండకూడదు. ప్రధాన గాయకులు అక్కడికక్కడే పాడాలి. అన్నిటికంటే ముఖ్యమైన నియమం: ఎవరూ సొంత దేశానికి ఓటు వెయ్యకూడదు.

బ్రిటన్ మొదటిసారి 1957లో పాల్గొంది. 1959 నుంచి ఒక్క పోటీ కూడా మానలేదు (2020లో కరోనా వల్ల పోటీయే రద్దయింది). బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీలను "బిగ్ ఫైవ్" అంటారు. నిర్వహణకి ఎక్కువ డబ్బు కట్టే దేశాలు కాబట్టి వీటికి సెమీఫైనల్ గొడవ లేకుండా నేరుగా ఫైనల్లో చోటు ఇచ్చారు. ఈ ఐదింటిలో స్పెయిన్ 2026 పోటీ నుంచి తప్పుకుంది.

సున్నా అంటే సున్నా కాదు

వాదనలన్నిటికీ మూలం మార్కుల పద్ధతే కనుక దాన్ని కాస్త ఓపిగ్గా చూద్దాం. 1975 నుంచి ప్రతి దేశం తనకి నచ్చిన 10 పాటలకి 12, 10, తర్వాత 8 నుంచి 1 వరకు మార్కులు ఇస్తోంది. 2016 నుంచి ఫైనల్లో ఈ మార్కులు రెండు వేర్వేరు వాటాలుగా వస్తున్నాయి. ఒకటి సంగీత రంగానికి చెందిన జ్యూరీ ఇచ్చేది, రెండోది ప్రేక్షకుల ఓట్ల నుంచి వచ్చేది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. 2025లో 37 దేశాలు పాల్గొన్నాయి, ఫైనల్లో 26 పాటలు ఉన్నాయి. ఒక పాటకి మిగిలిన 36 దేశాల్లోనూ ప్రేక్షకుల ఓట్లలో 11వ స్థానం వచ్చిందనుకోండి. లక్షల మంది ఓటు వేసినా ఆ పాటకి వచ్చే ప్రేక్షకుల మార్కులు సున్నా! పదిలో లేనివాళ్ళందరూ ఒకటే, 11వ స్థానమైనా 26వ స్థానమైనా.

ఇంకో సంగతి. జ్యూరీ సభ్యులు అన్ని పాటలకీ వరసగా ర్యాంకులు ఇవ్వాలి. ప్రేక్షకులు అలా చెయ్యరు. ఫోను తీసి తమకి పిచ్చిగా నచ్చిన ఒకటి రెండు పాటలకే ఓట్లు గుద్దుతారు. 2025 వరకు ఒక్కొక్కరు 20 ఓట్ల దాకా వెయ్యగలిగేవారు, 2026 పోటీకి దాన్ని 10కి తగ్గించారు. అందువల్ల "ఫరవాలేదు, వినొచ్చు" అనిపించే పాటకి జ్యూరీ దగ్గర కొన్ని మార్కులు వస్తాయి, జనం దగ్గర ఏమీ రావు. జనానికి కావలసింది ఎవరో ఒకరికి మొదటి ఇష్టం అయ్యే పాట. అందరికీ ఏడో ఇష్టమైన పాటకి అక్కడ చోటు లేదు.

2024లో ఓలీ అలెగ్జాండర్ పాడిన "డిజీ"కి 46 మార్కులు, 18వ స్థానం. 2025లో రిమెంబర్ మండే బృందానికి 88 మార్కులు, 19వ స్థానం. రెండుసార్లూ మార్కులన్నీ జ్యూరీవే, జనం నుంచి సున్నా. ఇది బ్రిటన్ మీద పగ అనుకునేవారు అదే 2025లో స్విట్జర్లాండ్ సంగతి చూడాలి. జ్యూరీల నుంచి 214 మార్కులు తెచ్చుకుని 10వ స్థానంలో నిలిచిన ఆ పాటకి కూడా జనం నుంచి వచ్చింది సున్నాయే. పోటీ జరిగింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లోనే! ఆతిథ్యమిచ్చిన దేశం మీద యూరప్ అంతా పగబట్టిందని అనగలమా?

గతమెంతో ఘనకీర్తి

బ్రిటన్ 5 సార్లు గెలిచింది: 1967లో శాండీ షా, 1969లో లులు (స్పెయిన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌తో సమానంగా), 1976లో బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్, 1981లో బక్స్ ఫిజ్, 1997లో కట్రీనా అండ్ ద వేవ్స్. రెండో స్థానం 16 సార్లు వచ్చింది. 1968లో క్లిఫ్ రిచర్డ్ ఒకే ఒక్క మార్కు తేడాతో స్పెయిన్ చేతిలో ఓడిపోయాడు.

ఆ తర్వాతి కథ వేరు. 2002లో మూడో స్థానం వచ్చింది. మరుసటి ఏడాది రీగాలో జెమినై జంటకి సున్నా. 2008, 2010, 2019, 2021లలో చిట్టచివరి స్థానం. అందులో 2021 మరీ అన్యాయం. జేమ్స్ న్యూమన్‌కి జ్యూరీల నుంచీ సున్నా, జనం నుంచీ సున్నా.

మొదటి వాదన: ఇదంతా రాజకీయం

2003లో సున్నా రాగానే "ఇరాక్ యుద్ధం మీద కోపం మన పాట మీద చూపించారు" అన్నారు. ఏళ్ళ తరబడి బి.బి.సి.లో వ్యాఖ్యానం చెప్పిన టెరీ వోగన్ మాటా అదే. యుద్ధం ఆ ఏడాది మార్చిలో మొదలయింది, పోటీ మే నెలలో జరిగింది కనుక ఈ వాదన నమ్మేలానే ఉంది. కానీ ఆ రాత్రి జెమినై శ్రుతి తప్పి పాడారన్నది కూడా అంతే నిజం.

బ్రెగ్జిట్ తర్వాత ఇదే వాదన ఇంకా బలంగా వినిపించింది. దాన్ని పటాపంచలు చేసినవాడు శామ్ రైడర్. 2022లో ట్యూరిన్‌లో "స్పేస్ మ్యాన్" పాడి 466 మార్కులతో రెండో స్థానం తెచ్చాడు. జ్యూరీల లెక్కలో అయితే 283 మార్కులతో ఆయనదే మొదటి స్థానం. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్‌కి జనం 439 మార్కులు ఇచ్చి గెలిపించారు. అందులో సానుభూతి లేదని ఎవరూ అనరు. అంటే రాజకీయం ఒక పాటని పైకి లేపగలదు. కానీ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చిన రెండేళ్ళకే బ్రిటన్ పాటకి అన్ని మార్కులు రావడాన్ని ఏ అడ్డుపుల్లా ఆపలేదు.

ఇంకో చిన్న సంగతి. 1974లో ఈ పోటీ బ్రిటన్‌లోనే, బ్రైటన్‌లో జరిగింది. స్వీడన్ తరఫున అబ్బా బృందం "వాటర్‌లూ" పాడి గెలిచింది. దానికి బ్రిటన్ జ్యూరీ ఇచ్చిన మార్కులు సున్నా. అదే పాట తర్వాత బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్ అయింది. సున్నా వెనక ద్వేషమే ఉండాలన్న నియమం లేదు.

రెండో వాదన: ఇరుగుపొరుగు, ప్రవాసులు

"వాళ్ళవాళ్ళే ఓట్లు వేసుకుంటారు" అన్నది రెండో మాట. గ్రీసు, సైప్రస్ ఒకరికొకరు 12 ఇచ్చుకోవడం ఒక వేడుకలాగా అయిపోయింది. పొరుగు దేశాల భాష, సంగీతం, టీవీ తారలు ఒకరికొకరికి తెలుసు కాబట్టి ఇందులో కొంత అభిమానం, కొంత అలవాటు. ఈ ఫిర్యాదుల వల్లనే 2009 ఫైనల్లో జ్యూరీలని మళ్ళీ తెచ్చి సగం బలం ఇచ్చారు. ఆ ఏడాది ఆండ్రూ లాయిడ్ వెబర్ స్వరపరచిన పాటతో జేడ్ ఈవెన్ 5వ స్థానం తెచ్చింది. పద్ధతి మారింది, రోగం కుదిరింది అనుకున్నారు. 2010లో అదే పద్ధతిలో బ్రిటన్‌కి 10 మార్కులు, చివరి స్థానం. గెలిచింది మరో పెద్ద దేశం జర్మనీ, అదీ ఇంగ్లీషు పాటతో!

ఈ వాదనలో నాకు చివుక్కుమనిపించే భాగం ఒకటుంది. "ఇక్కడికొచ్చి ఉంటూ వాళ్ళ దేశానికి ఓట్లు వేస్తారు" అని పోలండ్, లిథువేనియా వాళ్ళ గురించి అంటారు. 2014లో బ్రిటన్ ప్రేక్షకుల ఓట్లలో పోలండ్ పాటదే మొదటి స్థానం. బ్రిటన్ జ్యూరీ దాన్ని అట్టడుగున పెట్టింది. అప్పటి పద్ధతిలో రెండూ కలిపి లెక్కించేవారు కనుక పోలండ్‌కి బ్రిటన్ నుంచి ఒక్క మార్కు కూడా రాలేదు. ఆ ఓటర్లలో ఎంతమంది పోలిష్ వాళ్ళు, ఎంతమంది పాట నచ్చిన ఇంగ్లీషు వాళ్ళు అన్నది ఓటు లెక్కలో తేలదు. కానీ నింద మాత్రం ప్రవాసుల మీదికే వచ్చింది.

మనమూ ప్రవాసులమే. ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. 2006లో ఇండియన్ ఐడల్ ఫైనల్లో మన హైదరాబాదు కుర్రాడు కారుణ్య రెండో స్థానంతో సరిపెట్టుకుని, బికనీరుకు చెందిన సందీప్ ఆచార్య గెలిచినప్పుడు మా ఇంట్లో అందరం "పాటకి కాదు, ప్రాంతానికి ఓట్లు పడ్డాయి" అన్నాం. 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు మాత్రం అది పూర్తిగా ప్రతిభకి దక్కిన గెలుపు! పరాయి ఊళ్ళో సొంత ఊరి గొంతు వినపడితే చెయ్యి ఫోను మీదికి దానంతటదే పోతుంది. అది మోసం కాదు, బెంగ.

మూడో వాదన: ఇంగ్లీషు సొంతాస్తి కాకుండా పోయింది

అభిమానులు తక్కువగా మాట్లాడేదీ, నాకు ఎక్కువ బలంగా కనిపించేదీ ఇది. 1977 నుంచి 1998 వరకు ప్రతి దేశం తన భాషలోనే పాడాలన్న నియమం ఉండేది. అంటే ఆ రోజుల్లో ఇంగ్లీషులో పాడే వీలు బ్రిటన్, ఐర్లండ్, మాల్టాలకే ఉండేది. 1992 నుంచి 1996 దాకా జరిగిన ఐదు పోటీల్లో ఐర్లండ్ నాలుగు గెలిచింది. 1997లో బ్రిటన్ గెలిచింది. 1999లో నియమం ఎత్తేశారు. ఆ తర్వాత 2025 వరకు అటు ఐర్లండ్ గాని, ఇటు బ్రిటన్ గాని గెలవలేదు. పైగా 1990లలో తూర్పు యూరప్ దేశాలు చేరి పోటీ పెరిగింది. ఒకప్పుడు ఊళ్ళో ఒకే కిరాణా కొట్టు ఉన్నప్పటి వ్యాపారం, వీధికో కొట్టు వచ్చాక ఎలా ఉంటుంది?

నాలుగో వాదన: ఎంపికలోనే లోపం

2011 నుంచి 2015 వరకు బి.బి.సి. సొంతంగా ఎంపిక చేసింది. 2016 నుంచి 2019 వరకు టీవీలో జనం ఓట్లతో ఎంపిక చేసింది. తర్వాత మళ్ళీ లోపలి ఎంపికే. ఫలితాలు రెండు పద్ధతుల్లోనూ అంతంతమాత్రమే. పాత పేరున్న గాయకుల్ని పంపడం కూడా ప్రయత్నించారు. 2012లో బాకూకి వెళ్ళిన ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్ పుట్టింది మన మద్రాసులోనే, 1936లో. 76 ఏళ్ళ వయసులో మొదటి పాట పాడిన ఆయనకి వచ్చినవి 12 మార్కులు, 25వ స్థానం. 2013లో బోనీ టైలర్‌కి 19వ స్థానం.

ఇటలీ పద్ధతి చూడండి. శాన్‌రెమో సంగీతోత్సవంలో పేరున్న గాయకులే పోటీ పడతారు, అక్కడ గెలిచినవారికి యూరోవిజన్ అవకాశం ముందుగా ఇస్తారు. ఇటలీ కూడా బిగ్ ఫైవ్ దేశమే. 2021లో, బ్రిటన్‌కి రెండు సున్నాలు వచ్చిన రోజునే, అది గెలిచింది.

చివరగా నా మాట

మేము ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడు ముందు లాగ్ చూస్తాం, తర్వాతే సర్వర్‌ని తిడతాం. ఇక్కడ లాగ్ చెప్పేది ఇది: పొరుగు ఓట్లు ఉన్నాయి, సానుభూతి ఓట్లు ఉన్నాయి, కానీ మంచి పాటకీ మంచి గొంతుకీ తలుపు మూసిలేదు. 2009, 2022 అందుకు సాక్ష్యం. ఆడలేక మద్దెల ఓడు అనే అలవాటు దేశాలకీ ఉంటుంది.

ఈసారి ఎవరైనా "యూరప్‌కి మనమంటే గిట్టదు" అంటే పోట్లాడక్కర్లేదు. 11వ స్థానం లెక్క ఒక్కటి చెప్పండి చాలు. "ఇక్కడుండి వాళ్ళ వాళ్ళకి ఓటేస్తారు" అన్నప్పుడు మాత్రం ఊరుకోకండి. ఆ మాట ఈరోజు పోలండ్ వాళ్ళ మీద, రేపు ఇంకొకరి మీద.

ఇక బ్రిటన్ పాట మీకు నిజంగానే నచ్చిందనుకోండి. లండన్‌లో కూర్చుని దానికి ఓటు వెయ్యలేరు. కానీ పోటీలో లేని దేశాలవాళ్ళు ఆన్‌లైన్‌లో ఓటు వేసే వీలు 2023 నుంచి వచ్చింది. ఆ ఓట్లన్నీ కలిపి ఒక దేశం మార్కులతో సమానం. హైదరాబాదులో ఉన్న తమ్ముడికో చెల్లెలికో ఫోను చేసి పాట వినమనండి. నచ్చితేనే ఓటు వెయ్యమనండి సుమా!