గుర్రాల వంశము, మన వంశము

రెండేళ్ల క్రిందట ఒక శనివారము మా తెలుగు తరగతిలో పిల్లలకు చుట్టరికాలు నేర్పుతున్నాము. అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, మేనమామ అని నల్లబల్ల మీద వ్రాసి, "మీ ఇంటి పెద్దల పేర్లు మూడు తరాల వరకు వ్రాయండి" అన్నాము. పన్నెండేళ్ల పిల్లవాడొకడు తాత పేరు వ్రాసి ఆగిపోయాడు. వాని తాత గ్రేవిల్ పందేలు ఒక్కటీ వదలని మనిషి. "పోనీ, మీ తాతగారి గుర్రాల సంగతి చెప్పగలవా?" అని నవ్వుతూ అడిగాము. వెంటనే ఒక గుర్రము పేరు, దాని తండ్రి, తండ్రికి తండ్రి, తల్లి, తల్లికి తండ్రి అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము. కాని ఇంటికి వచ్చి మా వంశము వ్రాయబోతే మా ముత్తవ్వ పేరు మాకూ తెలియలేదు.

గుర్రానికి ఉన్నది మనకు ఎందుకు లేదు? ఈ ప్రశ్నతోనే మేము గుర్రాల చరిత్ర చదవడము మొదలుపెట్టాము. చదివినది పాఠకులతో పంచుకుంటున్నాము.

థరోబ్రెడ్ అనే పందెపు గుర్రాల జాతి పుట్టినది ఇంగ్లండులో. మూడు మగ గుర్రాలను ఈ జాతికి మూలపురుషులుగా చెబుతారు. కెప్టెన్ బయర్లీ 1690లో బోయిన్ యుద్ధములో ఎక్కిన బయర్లీ టర్క్ ఒకటి. సిరియాలోని అలెప్పో నగరములో థామస్ డార్లీ కొని 1704లో యార్క్‌షైరుకు పంపిన డార్లీ అరేబియన్ రెండవది. ట్యునీసు నుండి ఫ్రాన్సు మీదుగా ఇంగ్లండు చేరిన గొడాల్ఫిన్ అరేబియన్ మూడవది. డార్లీ అరేబియన్ వంశములో 1764లో సూర్యగ్రహణము నాడు ఒక పిల్ల పుట్టింది. దానికి గ్రహణము అనే అర్థము వచ్చేటట్లు ఎక్లిప్స్ అని పేరు పెట్టారు. మన పెద్దలైతే గ్రహణము నాటి పుట్టుక అని శాంతి చేయించేవారు. ఆ గుర్రము మాత్రము పరుగెత్తిన పందేలలో ఒక్కటీ ఓడలేదు.

1791లో జేమ్స్ వెదర్బీ ఈ గుర్రాల వంశావళులను కూర్చి జనరల్ స్టడ్ బుక్ అనే గ్రంథము మొదటి రూపమును అచ్చువేశాడు. తల్లిదండ్రులిద్దరూ ఆ పుస్తకములో ఉన్న గుర్రమే థరోబ్రెడ్ అనే కట్టుబాటు క్రమముగా బిగుసుకున్నది. తలుపు మూశారు. లోపల ఉన్నవారు లోపలివారితోనే సంబంధాలు కలుపుకోవాలి.

మూసిన ఇంటిలో ఏమి జరుగుతుందో 2001లో ఐర్లండు శాస్త్రజ్ఞుడు పాట్రిక్ కన్నింగ్‌హామ్ బృందము లెక్క కట్టింది. నేటి గుర్రాల జన్యుసంపదలో 78 శాతము ముప్ఫై పూర్వీకుల నుండి వచ్చినదే. తండ్రి నుండి తండ్రికి వెనుకకు నడిచిపోతే 95 శాతము మగ గుర్రాలు డార్లీ అరేబియన్ దగ్గరకు చేరుతాయి. తక్కిన ఇద్దరు మూలపురుషుల మగ సంతతి దాదాపుగా అంతరించినది. ప్రపంచమంతటా ఉన్న లక్షల గుర్రాల వెనుక ఉన్నది ఇంత చిన్న కుటుంబము.

అది చాలదన్నట్లు 1961లో కెనడాలో నార్తరన్ డాన్సర్ పుట్టాడు. పొట్టి గుర్రము. అయినా 1964లో కెంటకీ డెర్బీ గెలిచాడు. అతని కొడుకులు, మనుమలు అన్ని దేశాలకూ పోయారు. మన నాటాల్ ప్రాంతానికీ వచ్చారు. మూయి రివర్ దగ్గర సమ్మర్‌హిల్ అశ్వశాలలో ఉండి పేరుపొందిన నార్తరన్ గెస్ట్ ఈ నార్తరన్ డాన్సర్ కొడుకే. 2020లో పదివేలకు పైగా గుర్రాలను పరీక్షించిన ఒక పరిశోధనలో 97 శాతము వంశావళులలో నార్తరన్ డాన్సర్ పేరు కనిపించింది. గత యాభై ఏళ్లలో దగ్గరి రక్తపు కలయిక పెరుగుతూ వచ్చిందని కూడ తేలింది. పేరుపొందిన ఏ కొద్ది మగ గుర్రాల దగ్గరకో అందరూ తమ ఆడ గుర్రాలను తీసుకుపోవడమే కారణము. ఒక్కొక్క మగ గుర్రానికి ఏడాదికి 140 ఆడ గుర్రాలు మించరాదని అమెరికా జాకీ క్లబ్ 2020లో నియమము చేసింది. వ్యాపారులు కోర్టుకు వెళ్లారు. 2022లో ఆ నియమము రద్దయినది.

ఇక్కడ మన మేనరికము మాట రాక తప్పదు. 1922లో స్యూయల్ రైట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దగ్గరి రక్తాన్ని కొలిచే లెక్క చెప్పాడు. బిడ్డకు ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. ఆ రెండూ ఒకే పూర్వీకుని దగ్గర ఉన్న ఒకే ప్రతి నుండి వచ్చే అవకాశము ఎంత అన్నదే ఆ లెక్క. మేనత్త కొడుకును, మేనమామ కూతురును కలిపితే పుట్టే బిడ్డకు అది పదహారింట ఒక వంతు. మేనమామే మేనకోడలిని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. 2017లోను, 2018లోను ఫ్రాన్సులో ఆర్క్ పందెము గెలిచిన ఎనేబుల్ అనే ఆడ గుర్రానికి తల్లి తండ్రీ, తండ్రి తాతా ఒక్కడే. అతడు నార్తరన్ డాన్సర్ కొడుకు శాడ్లర్స్ వెల్స్. లెక్క వేస్తే ఆ ఒక్క పూర్వీకుని వలననే పదహారింట ఒక వంతు వస్తుంది. అంటే మన మేనరికపు బిడ్డ ఎంతో, ఆ రాణి గుర్రము అంత.

అయితే భయము లేదు కదా అని కొందరు అంటారు. గెలిచిన ఎనేబుల్ కథ అందరూ చెబుతారు. మైదానము ముఖము చూడకుండానే పోయిన గుర్రాల కథ ఎవరూ చెప్పరు. దగ్గరి రక్తము పెరిగిన కొద్దీ గుర్రము ఒక్క పందెములోనైనా పరుగెత్తే అవకాశము తగ్గుతుందని 2022లో మరొక పరిశోధన చూపింది. ఒక్కసారి చేసిన మేనరికములోనైనా, దాగి ఉన్న లోపము రెండు వైపుల నుండి వచ్చి ఒకే బిడ్డ మీద పడవచ్చు. తరము మీద తరము అదే ఇంటి చుట్టూ తిరిగితే ఆ ప్రమాదము ఇంకా పెరుగుతుంది.

ఇక రక్తశుద్ధి గర్వము సంగతి. 1913లో ఇంగ్లండు పెద్దలు జెర్సీ నియమము అని ఒకటి పెట్టారు. వంశములో ఏ ఒక్క పూర్వీకుడైనా తమ పుస్తకములో లేకపోతే ఆ గుర్రము శుద్ధమైనది కాదన్నారు. అమెరికా గుర్రాలు ఎక్కువగా వెలి అయ్యాయి. మరుసటి ఏడే, 1914లో, వెలి అయిన గుర్రమే వారి డెర్బీ గెలిచింది. దాని పేరు దుర్బార్. అయినా 1949 వరకు వారు ఆ నియమము విడువలేదు. ఇంకొక వింత కూడ ఉన్నది. అరబ్బు, తురక రక్తమే తమ గొప్ప అని చెప్పుకున్న ఈ జాతి తల్లుల వైపు జన్యువులను శాస్త్రజ్ఞులు వెదికినప్పుడు, బ్రిటను, ఐర్లండు దేశపు నాటు గుర్రాల జాడ బలముగా కనిపించింది. తండ్రుల పేర్లు భద్రముగా వ్రాసుకున్నారు. తొలి తల్లులలో చాలామందికి పేరైనా వ్రాయలేదు.

ఈ మాట చదివిన రోజున మేము పుస్తకము మూసి చాలాసేపు కూర్చున్నాము. ఎందుకో చెబుతాము.

కొన్నేళ్ల క్రిందట మా అక్క కొడుకు ఒక తమిళుల అమ్మాయిని చేసుకుంటానన్నాడు. పెద్దలు కూర్చున్నారు. "మన రక్తము చెడుతుంది" అని ఒక పెద్దాయన అన్నారు. "ఓడ ఎక్కిన నాటినుండి మనవాళ్లు కలుషితము కాలేదు" అని మరొకరు అన్నారు. మేము బడిపంతులము, నలుగురికి చెప్పవలసినవారము. అయినా ఆ రోజు నోరు విప్పలేదు. ఆ పెండ్లి జరిగింది కాని మా ఇంటినుండి వెళ్లినవారు తక్కువ.

తరగతిలో జరిగిన సంగతి తరువాత మేము ఓడల జాబితాలు వెదికాము. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి వచ్చింది మొదలు 1911 వరకు గిరిమిటు మీద నాటాల్ చేరిన లక్షా యాభైరెండు వేల మందికి సంఖ్యలు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ, అన్నిటికీ గడులు ఉన్నాయి. ఇంటిపేరుకు గడి లేదు. అందుకే కులము గడిలోని మాట మనకు ఇంటిపేరయింది. ఎవరు ఏ ఇంటివారో, ఎవరితో సంబంధము కలుపవచ్చునో చెప్పే అసలు గుర్తు సముద్రములో కలిసిపోయింది.

మా ముత్తవ్వ దొరికింది. పేరు అచ్చమ్మ, వయస్సు 19. ఊరి పేరు గుమాస్తా చేతిలో గుర్తుపట్టలేకుండా మారిపోయింది. జిల్లా ఉత్తర ఆర్కాటు. ప్రక్కన భర్తగా వ్రాసిన మా ముత్తాతది విశాఖపట్టణము జిల్లా. కులము గడిలో ఇద్దరికీ వేరువేరు మాటలు. నూరుమంది మగవారికి నలభైమంది ఆడవారు అన్న నియమముతో నింపిన ఓడలు అవి. మద్రాసు డిపోలోనో, ఓడ మీదనో వారు ఒకరికొకరు తోడయి ఉంటారు. మేము గొప్పగా చెప్పుకున్న ఒకే రక్తము అక్కడే రెండు పాయలు. ఆ రెండు పాయలు కలిసినందుకే మేము ఉన్నాము.

ఆ కాగితము ప్రతిని మా అక్క కొడుకు ఇంటికి తీసుకుపోయి, ఆ కోడలి చేతిలో పెట్టాము. ఆలస్యముగానైనా మాట చెప్పాము. ఆ అమ్మాయి చదివి, "అచ్చమ్మ గారి పేరు మా పాపకు పెట్టుకోవచ్చునా?" అని అడిగింది.

పాఠకులకు మా మనవి ఒక్కటే. గుర్రానికి పుస్తకము ఉన్నది దాని ధర కొరకు. మనకు పుస్తకము కావలసినది మన పిల్లల ఆరోగ్యము కొరకు, మన మర్యాద కొరకు. ఈ వారమే మీ ఇంటిలోని పెద్దల దగ్గర కూర్చోండి. తాతల పేర్లతో పాటు అవ్వల పేర్లు కూడ వ్రాయండి. తెలిస్తే ఇంటిపేరు, ఊరు, ఓడ, సంఖ్య వ్రాయండి. సంబంధము వచ్చినప్పుడు ఆ పుస్తకము తెరిచి ఎంత దగ్గరివారో చూడండి. దూరపు సంబంధము వస్తే మాత్రము అచ్చమ్మను తలచుకొని తలుపు తెరవండి.