ఐదు సెంట్ల నాణేలు కట్టిన మేడ

ఒక మహాభవనాన్ని చూచుటకు రెండు పద్ధతులున్నవి. వీథిలో నిలిచి, తల పైకెత్తి, అంతస్తులు లెక్కపెట్టుకొని పోవుట ఒకటి. తెలిసినవారు వెంట ఉండగా లోపలికి వెళ్లి, ఇది ఏమి బొమ్మ, దీనిని ఇక్కడ ఎందుకు పెట్టినారు అని అడిగి తెలిసికొనుట రెండవది. మొదటి పద్ధతిలో ఆశ్చర్యం కలుగుతుంది. రెండవ పద్ధతిలో చరిత్ర తెలుస్తుంది. ఈ ప్రసంగంలో మనం రెండవ పద్ధతిని అనుసరించి, న్యూయార్కు నగరంలోని ఊల్వర్త్ భవనంలో ప్రవేశిద్దాం.

మన్‌హటన్ ద్వీపానికి దక్షిణ భాగంలో, బ్రాడ్వే వీథిపై, పురపాలక భవనపు ఉద్యానవనానికి ఎదురుగా ఈ ఆకాశహర్మ్యం నిలిచియున్నది. దీని ఎత్తు 792 అడుగులు. 1913లో పూర్తియైన నాటినుండి 1930 వరకు, ప్రపంచంలో మనుష్యులు పనిచేసే భవనాలలో దీనిని మించినది లేదు. 1913 ఏప్రిల్ 24వ తేదీ సాయంకాలం అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వాషింగ్టన్‌లో కూర్చుండి ఒక మీట నొక్కగా, ఈ భవనంలో 80,000 విద్యుద్దీపాలు ఒక్కసారిగా వెలిగినవి. దీని యజమాని ఏ రాజ్యానికీ రాజు కాడు, ఏ మతానికీ అధిపతి కాడు. ఐదు సెంట్లకు, పది సెంట్లకు చిల్లర సామాను అమ్మిన వర్తకుడు.

ఫ్రాంక్ ఊల్వర్త్ 1852లో న్యూయార్కు రాష్ట్రంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించినాడు. దుకాణంలో గుమాస్తాగా పని నేర్చి, 1879లో యుటికా పట్టణంలో సొంత అంగడి తెరచినాడు. అది సాగలేదు. అదే సంవత్సరం పెన్సిల్వేనియాలోని లాంకస్టర్‌లో మరల తెరచినాడు. ఆ అంగడి నిలిచినది. ఆతని పద్ధతి చాల సులభమైనది. సామానంతా బల్లలపై పరచియుండును. కొనువారు చేతితో తీసి చూచుకొనవచ్చును. వెల ముందే నిశ్చయమైయుండును గనుక బేరం లేదు. ధనికులు అడుగు పెట్టని ఆ అంగడికి, జేబులో ఒకే నాణెమున్న వారు నిర్భయంగా వచ్చినారు. 1912 నాటికి తోటివర్తకుల అంగళ్లు కూడ కలిసి, ఆ కంపెనీ క్రింద 596 దుకాణాలు ఏర్పడినవి.

భవనానికి అయిన ఖర్చు ఒక కోటి ముప్పది అయిదు లక్షల డాలర్లు. అప్పు చేయక, రొక్కం చెల్లించి ఊల్వర్త్ దీనిని కట్టించినాడని ప్రసిద్ధి. ఐదు సెంట్ల నాణేలలో లెక్కించినచో ఆ మొత్తం ఇరువది ఏడు కోట్ల నాణేలగును. ఇంత కట్టించియు, కంపెనీ తన కార్యాలయాలకు ఉంచుకొన్నది రెండు అంతస్తులు కూడ నిండ లేదు. తక్కినదంతయు అద్దెకిచ్చుటకే. అద్దె ఎంత వచ్చినదన్న ప్రశ్నను ప్రక్కన ఉంచితే, ఊరి నలుమూలలకు కనబడే ఆ గోపురమే కంపెనీకి గొప్ప ప్రకటన అయినది.

వాస్తుశిల్పి కాస్ గిల్బర్ట్. ఈయన 1859లో జన్మించి 1934లో మరణించినాడు. అమెరికా సుప్రీంకోర్టు భవనానికి నమూనా ఇచ్చినవాడు కూడ ఈయనే. లండనులోని పార్లమెంటు భవనంలో విక్టోరియా గోపురం ఊల్వర్త్ మనస్సుకు నచ్చినది. గిల్బర్ట్‌కు ఆ గోథిక్ శైలిలో మరియొక ప్రయోజనం కనిపించినది. ఆ శైలిలో గీతలన్నియు నేలనుండి నింగికి పరుగెత్తుచుండును. చూపును ఎక్కడను ఆగనీయవు. సుమారు ముప్పది అంతస్తుల విశాలమైన అడుగుభాగం మీద, వీథి వైపున నిట్టనిలువుగా లేచిన గోపురాన్ని చూచినవారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది.

అయితే మధ్యయుగపు దేవాలయాలలో బరువును మోసినది రాయి. ఇక్కడ మోయుచున్నది ఉక్కు. భూమిలో నూరు అడుగులకు మించిన లోతున ఉన్న బండమీదికి పునాదులు దింపి, వాటిపై ఉక్కు చట్రం నిలిపినారు. గాలి తాకిడికి గోపురం ఊగకుండునట్లు స్తంభాలను, దూలాలను కమానుల వలె కలిపి బిగించినారు. మనకు వెలుపల రాతిచెక్కడమని తోచేది రాయి కానే కాదు; అచ్చుల్లో పోసి, మెరుగు పూసి, ఆవంలో కాల్చిన మట్టిపలకలు. మీగడరంగు పలకల నడుమ అక్కడక్కడ నీలం, ఆకుపచ్చ, పసిమి రంగులు అద్దినారు. చెక్కించుటకు ఏండ్లు పట్టే అలంకారాన్ని అచ్చువేసి వందలకొలది తయారుచేయవచ్చును గనుక ఈ విధానం చౌకయైనది, తేలికయైనది. కాని కాలక్రమాన వాన నీరు సందులలో దిగి, లోపలి ఇనుప కొక్కెములు త్రుప్పుపట్టినవి; పలకలు పగిలినవి. 1977కు 1981కి నడుమ జరిగిన మరమ్మతులో సుమారు 26,000 పలకలను తీసివేసి, వాటి స్థానంలో ఎక్కువగా కాంక్రీటుతో పోసిన పలకలను అమర్చవలసి వచ్చినది.

ఇక లోపలికి పోదాం. దీని ముందరి హాలు ఇప్పుడు దారిన పోయేవారు ఊరక తొంగిచూచి పోగల చోటు కాదు. ఇటీవలి సంవత్సరాలలో చిన్న చిన్న బృందాలను మార్గదర్శులు వెంటబెట్టుకొని చూపుచూ వచ్చినారు. వీథిలోని ఎండనుండి లోనికి అడుగిడినవారికి మొదట కనిపించేది చీకటి కాదు, బంగారు కాంతి. హాలు సిలువ ఆకారంలో ఉన్నది. గోడలకు గ్రీసు దేశపు స్కైరాస్ ద్వీపంనుండి తెచ్చిన చారల పాలరాయి. పైన కమానుల కప్పు నిండ గాజు ముక్కలతో కూర్చిన చిత్రాలు. బంగారు నేలపై తీగలు, పూవులు, పక్షులు. ఇటలీలోని రావెన్నా నగరంలో అయిదవ శతాబ్దినాటి గాజుచిత్రాలు చూచినవారికి అవి జ్ఞప్తికి వచ్చును. మెట్లపైన రంగుటద్దాల కప్పు; దానిలో 1879 అనియు, 1913 అనియు రెండు సంవత్సరాలు. మొదటిది వ్యాపారానికి జన్మసంవత్సరం. రెండవది ఈ మందిరానికి.

మందిరమను మాట వాడినాను. ఆ రోజులలోనే కాడ్మన్ అను మతాచార్యుడు దీనికి ‘వాణిజ్య దేవాలయం’ అను అర్థంలో పేరు పెట్టినాడు. లోకం ఆ పేరును పట్టుకొన్నది. గిల్బర్ట్‌కు మాత్రం అది రుచించలేదు. తాను అనుసరించినది దేవాలయాలను కాదనియు, ఐరోపాలో వర్తకులు కట్టుకొన్న పురమందిరాలను అనియు ఆయన వాదన. శిల్పి మాట అట్లున్నను, లోపల నిలిచినవారు గొంతు తగ్గించి మాట్లాడుదురు. అది ఈ హాలుకున్న మహిమ.

ఇక్కడ మార్గదర్శి చేయి పైకెత్తి చూపే వింత ఒకటున్నది. కప్పుక్రింద అడ్డదూలాలను భుజాన మోయుచున్నట్లు మలచిన చిన్న బొమ్మలు వరుసగా ఉన్నవి. మధ్యయుగపు దేవాలయాలలో అట్టి చోట్ల భూతాలను, వికటాకారాలను మలచుట ఆచారం. ఇక్కడ ఉన్నవారు భవనానికి సంబంధించిన మనుష్యులే! ఒక మూల ఊల్వర్త్ వంగి కూర్చుండి నాణేలు లెక్కపెట్టుచున్నాడు. మరియొక చోట గిల్బర్ట్ కంటి అద్దాలతో, భవనం నమూనాను బిడ్డ వలె చేతులలో ఎత్తుకొని చూచుకొనుచున్నాడు. ఉక్కు చట్రాన్ని లెక్కకట్టిన ఇంజనీరు గున్వాల్డ్ అవుస్ ఒక దూలాన్ని కొలుచుచున్నాడు. కట్టడం కాంట్రాక్టు నడిపిన లూయీ హొరొవిట్జ్, బ్యాంకు అధ్యక్షుడు లూయిస్ పియర్సన్, గదులు అద్దెకిచ్చే వ్యవహారం చూచిన ఎడ్వర్డ్ హోగన్ కూడ ఉన్నారు. తమను తామే చూచి నవ్వుకొన్న పెద్దమనుష్యులు వీరు. అంతటి ధనవంతుడు తన హాలులో తననే పిసినారిగా మలచనిచ్చుట సామాన్యం కాదు.

కట్టించినవారి బొమ్మలు కట్టడంలో నిలుపుట మనకు క్రొత్త కాదు. తిరుమలలో మహాద్వారం దాటగానే తిరుమలదేవి, చిన్నాదేవులతో శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహాలను దర్శించినవారు మన శ్రోతలలో వేలకొలది ఉందురు. ఆ సార్వభౌముడు అక్కడ చేతులు మోడ్చి నిలిచినాడు. ఇక్కడ వర్తకుడు చేతులలో నాణేలు పట్టుకొన్నాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది మన ప్రశ్న కాదు. ప్రతి కాలం తాను దేనిని పూజించినదో తన శిల్పంలో దాచక చెప్పుతుందని గ్రహించిన చాలును.

ఇప్పుడు కొంచెం వెనుకకు తిరిగి, పై అంతస్తు వసారా గోడలమీద ఎదురెదురుగా ఉన్న రెండు వర్ణచిత్రాలను చూడండి. ఒకటి ‘వాణిజ్యం’, రెండవది ‘శ్రమ’. పాల్ జెన్నెవైన్ అను యువకుడు చిత్రించినవి. వాణిజ్యం రాణి వలె కూర్చుండి చేత భూగోళాన్ని ధరించినది. ఇరుప్రక్కల ఓడ, రైలుబండి. శ్రమ కూడ స్త్రీయే. నూలు వడకుచున్నది. ఇద్దరును అందమైనవారే. కాని ఒక్క భేదమున్నది. డబ్బు పెట్టినవానికి, గీత గీసినవానికి, అద్దె వసూలు చేసినవానికి ఈ హాలులో సొంత ముఖమున్నది, పేరున్నది. పనిచేసినవారికి ఉన్నది దేవతారూపం మాత్రమే. ఎండలో ఉక్కు దూలాలు బిగించినవారెవరు? మట్టిపలకలు కాల్చినవారెవరు? బల్లల వెనుక దినమంతా నిలిచి, ఐదేసి సెంట్ల సామాను అమ్మి, ఈ ఇరువది ఏడు కోట్ల నాణేలను ప్రోగుచేసిన ఆడుపిల్లలెవరు? గోడ చెప్పదు.

గోడ చెప్పని మాటను చరిత్ర మరియొక చోట చెప్పినది. 1937 ఫిబ్రవరి 27న డిట్రాయిట్ నగరంలోని ఊల్వర్త్ దుకాణంలో నూరుమందికి పైగా ఆడువారు అమ్మకం ఆపి, వేతనాలు పెంచుడని అడుగుతూ దుకాణంలోనే కూర్చుండినారు. రాత్రులు అక్కడనే పరుండినారు. వారం దినాలలో వారి కోర్కెలు చాలవరకు నెరవేరినవి.

ఇంతకంటె లోకప్రసిద్ధమైనది 1960 ఫిబ్రవరి 1వ తేదీన నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో పట్టణంలో జరిగినది. నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్వర్త్ దుకాణంలో చిల్లర సామాను కొన్నారు. ఆ బల్లవద్ద వారి డబ్బు చెల్లినది. పిమ్మట అదే దుకాణంలో ఫలహారశాల బల్లవద్ద కూర్చుండి కాఫీ అడిగినారు. అది తెల్లవారికి మాత్రమే అన్నారు. సామాను బల్లవద్ద చెల్లిన నాణెం కాఫీ బల్లవద్ద చెల్లకపోవుట ఏమి న్యాయం? వారు తగవులాడలేదు, లేచి పోలేదు. దుకాణం మూసేవరకు కూర్చున్నారు. మరునాడు ఇంకను కొందరు వచ్చినారు. కొద్ది రోజులలో ఆ ఉద్యమం ఇతర పట్టణాలకు ప్రాకినది. గాంధీమహాత్ముని అహింసా మార్గం ఆ యువకులకు ప్రేరణలలో ఒకటి. జూలై 25వ తేదీన ఆ బల్ల అందరికీ తెరచినారు. ఆ నలుగురి పేర్లు ఎజెల్ బ్లేర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెక్‌కెయిన్, జోసెఫ్ మెక్‌నీల్.

ఆ కాఫీ బల్లలో కొంత భాగం నేడు వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది. గ్రీన్స్‌బరో దుకాణమే 2010లో పౌరహక్కుల ప్రదర్శనశాల అయినది. ఊల్వర్త్ కంపెనీ 1997లో అమెరికాలో మిగిలిన తన చిల్లర దుకాణాలను మూసివేసినది. 1998లో భవనాన్ని అమ్మివేసినది. పిమ్మట గోపురం పై అంతస్తులను ధనవంతుల నివాసాలుగా మార్చినారు. ఐదు సెంట్ల నాణెంతో లోనికి పోగల అంగళ్లు పోయినవి. ఆ నాణేలు కట్టిన మేడ నిలిచినది.

ఈ హాలును చూచి వచ్చినవారు అందమైనదనక మానరు. అది నిజంగా అందమైనదే. గిల్బర్ట్ ప్రతిభను ఎవరును తక్కువ చేయలేరు. కాని ఏ మహాభవనంలో అడుగుపెట్టినను, అది న్యూయార్కులో కానిండు, మన ఊరి గుడిలో కానిండు, అక్కడ ఎవరి బొమ్మ ఉన్నదని చూచిన పిమ్మట, ఎవరి బొమ్మ లేదని కూడ ఒక్క నిమిషం ఆలోచించవలెను. ఊల్వర్త్ నాణేలు లెక్కపెట్టుచున్న ఆ మూలకు, గ్రీన్స్‌బరోలో నలుగురు కూర్చున్న ఆ బల్లకు నడుమ వందల మైళ్ల దూరమున్నది. చరిత్ర తెలిసినవారికి అవి రెండును ఒకే భవనంలోని రెండు బొమ్మలు.