మూటాముల్లెకు పన్నుందా?

దివిసీమలోని పాలకాయతిప్ప దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఈ సీమ నుంచి వెళ్లి నౌకాదళంలో చేరినవాడు విశాఖలో కాపురం కుదురుకునేలోపే పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ కావచ్చు. మంచాలు, బీరువా మళ్లీ కట్టాలి. అందుకు సర్కారు ఇచ్చే సొమ్ము ఆదాయమేనా?

మన దేశంలో ఆదాయపన్ను పుట్టిందే సైన్యం ఖర్చులోంచి. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానా నింపడానికి 1860లో జేమ్స్ విల్సన్ దాన్ని తెచ్చాడు. 1886 చట్టం నెలకు 500 రూపాయలు మించని సైనిక జీతాలను వదిలేసింది. అప్పుడు చూసింది జీతం ఎంత అనే. ఆ డబ్బు ఎందుకిచ్చారన్న ప్రశ్న 1922 చట్టంలో కనిపిస్తుంది: ఉద్యోగ ధర్మం కోసం తప్పనిసరిగా పెట్టే ఖర్చుకు ప్రత్యేకంగా ఇచ్చిన భత్యం ఆదాయం కాదంది. 1961 చట్టం సెక్షన్ 10(14)లో అదే మాట నిలిచింది. 1995లో వచ్చిన 2బీబీ నియమం బదిలీ ప్రయాణంతోపాటు సామాన్లు కట్టించడం, చేరవేయడం కూడా అందులోకే వస్తాయని విడమరిచింది.

ఏడో వేతన సంఘం తర్వాత, 2017 నుంచి, బదిలీ గ్రాంటు మూలవేతనంలో 80 శాతం. అండమాన్‌కైతే నూరు శాతం. మూలవేతనం 40,000 ఉంటే విశాఖ నుంచి ఢిల్లీకి 32,000, పోర్ట్ బ్లెయిర్‌కు 40,000.

2020లో కొత్త పన్ను విధానం వచ్చినప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. ఎత్తైన కొండల్లో, ద్వీపాల్లో కాపలాకు ఇచ్చే భత్యాల మినహాయింపులు అందులో లేవు. బదిలీ ఖర్చుది మాత్రం మిగిలింది. కష్టానికిచ్చేది ప్రతిఫలం, ఖర్చుకిచ్చేది బాకీ తీర్చడం. చట్టం గీసిన గీత అది.

అమెరికా మరో దారి పట్టింది. 1964 నుంచి ఉద్యోగులకున్న ఇల్లు మారే ఖర్చు మినహాయింపును 2018 నుంచి ఆపేసి, విధుల్లో ఉన్న సైనికులకు ఉంచింది. డాలస్ నుంచి సియాటిల్‌కు మారే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది లేదు. మన దేశంలో మినహాయింపు యూనిఫాం చూసి కాదు, ఖర్చు చూసి. బ్యాంకు గుమాస్తాకూ అదే సూత్రం.

అయితే నిజంగా ఖర్చయినంతకే మినహాయింపు. మిగుల్చుకున్నది ఆదాయమే. అందుకే బీరువా కన్నా ముందు భద్రపరచాల్సింది లారీ రశీదు.