మన ఊరి పేరున్న రాక్షసబల్లి

డైనోసార్ పేరొకటి చెప్పమంటే ఎవరైనా ముందు టీ-రెక్స్ అంటారు, ఇంకాస్త ఆలోచిస్తే వెలాసిరాప్టర్. 1993లో స్పీల్‌బర్గ్ తీసిన జురాసిక్ పార్క్ పుణ్యమా అని ఆ రెండూ మన బుర్రల్లో తిష్ట వేశాయి. తమాషా ఏంటంటే ఆ రెండూ జురాసిక్ కాలానివి కావు, తర్వాతి క్రెటేషియస్ కాలానివి. పైగా సినిమాలో మనిషెత్తున్న రాప్టర్ అసలుకి టర్కీ కోడంతే, ఒంటినిండా ఈకలు కూడాను!

నిఖార్సైన జురాసిక్ జీవి మన గోదావరి లోయలోనే దొరికింది. దాని పేరడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం (నేనూ వేశాను లెండి).

కాస్త వెనక్కి వెళ్దాం. 1828లో స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారికి జబల్‌పూర్ దగ్గర వింత ఎముకలు దొరికాయి. రిచర్డ్ ఓవెన్ 'డైనోసార్' అన్న మాట పుట్టించింది 1842లో. అంటే మాట కన్నా ముందే మనకి ఎముక దొరికిందన్నమాట. 1877లో లిడెక్కర్ దానికి టైటానోసారస్ అని పేరు పెట్టాడు. తర్వాత ఆ ఎముకలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలీకుండా పోయి, చివరికి 2012లో కోల్‌కతాలో జియలాజికల్ సర్వే వాళ్ళ దగ్గరే బయటపడ్డాయి. మన జాగ్రత్త అలాంటిది.

ఇక గోదావరి సంగతి. 1958-61 మధ్య ప్రాణహిత-గోదావరి లోయలో తవ్వింది ఎవరనుకున్నారు? లెక్కలకి పేరున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు. దొరికిన తొడ ఎముక పొడవే సుమారు 1.7 మీటర్లు. బెంగాలీలో 'పెద్ద కాలు' అని అర్థం వచ్చేలా, టాగోర్ పేరు కూడా కలిపి 1975లో బరాపాసారస్ టాగోరై అన్నారు.

ఆ తర్వాత అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 840 దాకా ఎముకలు దొరికాయి, కనీసం పన్నెండు జంతువులవి. పుర్రె మాత్రం దొరకలేదు. జియలాజికల్ సర్వేకి చెందిన యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లిఎన్సిస్ అని నామకరణం చేశారు. బెంగాలీల డైనోసార్‌కి కవి పేరుంటే, మనదానికి ఊరి పేరుంది.

దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టారు. ఇంజినీరింగ్ రోజుల్లో ప్లానెటేరియం షోకి వెళ్ళినప్పుడు దాని ముందు ఫోటో కూడా దిగాను. ఏదో ప్లాస్టర్ బొమ్మ అనుకున్నా. పక్కనున్న బోర్డు చదవడానికి రెండు నిమిషాలు పట్టేది, అంతే. అది చదవలేదు గానీ జురాసిక్ పార్క్ మాత్రం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

తప్పు స్పీల్‌బర్గ్‌ది కాదు. ఆయన తన కథ చెప్పుకున్నాడు. మన కథ మనమే చెప్పుకోలేదు. ఈసారి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే, ఫోటో కన్నా ముందు ఆ బోర్డు చదివించండి.