కొండవీటి పచ్చిక - కోళ్ల పెంట

గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవు బాటలో కుడివైపున కనిపించు కొండల వరుసయే కొండవీడు. రెడ్డిరాజులలో అనవోతారెడ్డి అద్దంకినుండి రాజధానిని ఇచ్చటికి మార్చెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును పట్టుకొనెను. కోటను గురించి వ్రాసినవారు పెక్కురు కలరు. మనము చూడబోవునది కోటను కాదు, కోట క్రింది గడ్డిని. కొండ పాదమున కత్తులబావియొద్ద వెలసిన దేవుడు గోపీనాథుడు. గోపాలకుని కొలుచు చోట గడ్డి ముచ్చట తగని ముచ్చట కాదు.

ఈ సీమలో గడ్డికొరకు ప్రాణములే పోయినవి. 1882 నాటి మద్రాసు అడవి చట్టము వచ్చిన తరువాత, తరతరములుగా ఊరి పశువులు మేయుచున్న అడవులలో మేపుటకు పన్ను కట్టవలసి వచ్చినది. దానిపేరే పుల్లరి. 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టము పొమ్మనిరి. మించాలపాడు నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలియయ్యెను. ఎండిన పచ్చికకు అంత విలువ ఏమిటని పట్టణవాసి అడుగవచ్చును. వాన చాలని ఏట చొప్ప తీరిపోయిన ఇంట అడిగిన తెలియును.

పల్నాటిలో మందకును కోడికిని ఇంకను పాతబంధము కలదు. కారెంపూడిలో కార్తీక అమావాస్యతో మొదలై ఐదుదినములు జరుగు వీరారాధనలో మూడవనాడు మందపోరు, నాలుగవనాడు కోడిపోరు. బ్రహ్మనాయని కోడి, నాగమ్మ కోడి కథ తెలియని తెలుగువారు అరుదు. అయితే ఆ కథలో కోడి పందెమునకే పనికివచ్చినది. దాని పెంటను ఎవరు తలచుకొందురు? ఇంటికి నాలుగు కోళ్లున్న కాలమున అది పెరటిలోని పొట్లపాదుకు సరిపోయెడిది.

పొలమునకు బలము వచ్చినది మందవలన. కోత లయిన పిమ్మట రైతు గొర్రెలకాపరిని పిలిచి, రాత్రికింతయని ధాన్యమో రూకలో ఇచ్చి, చేనిలో మంద కట్టించెడివాడు. పగలు బీడులో మేసిన మంద రాత్రి చేనిలో పడుకొనును. పెంటను మోయు బండి అక్కరలేదు, ఎరువు తన కాళ్లమీద తానే నడచివచ్చును! మూత్రముకూడ నేలలోనే ఇంకును. ఇందు నేను మెచ్చుకొనని మాట ఒకటి కలదు. బలము బీడునుండి చేనికే పోయినది. చేనినుండి బీడునకు తిరిగివచ్చినది లేదు. మన మేతబీళ్లు చిక్కిపోవుటకు ఇదియు ఒక కారణము. ఇక పేడ సంగతి. 1893లో భారత వ్యవసాయముపై నివేదిక ప్రకటించిన వోల్కర్ అను శాస్త్రజ్ఞుడు, వంటచెరకు దొరకకయే జనులు పిడకలు కాల్చుచున్నారని గుర్తించి, పేడ నేలకు చేరవలెనన్న ముందు కట్టెలు దొరకవలెనని వాదించెను.

కోళ్ల పెంట పశువుల పెంటవంటిది కాదు. ఆవు పేడ వేరు, మూత్రము వేరు. పక్షికి ఆ రెండును ఒకే దారిన వచ్చును. రెట్టలో తెల్లగా కనిపించునది యూరిక్ ఆమ్లము, అనగా పక్షి మూత్రములోని నత్రజని. సూక్ష్మజీవులు దానిని మొదట యూరియాగను, పిదప అమోనియాగను మార్చును. కోళ్లషెడ్డులో కళ్లు మండించునది ఈ అమోనియాయే. అది గాలిలో కలిసినకొద్దీ ఎరువు బలము తగ్గును. పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు, భాస్వరము సుమారు 0.2 పాలు ఉండగా, కోళ్ల ఎరువులో నత్రజని 3 పాళ్లు, భాస్వరము 2.6 పాళ్లు ఉండును. అనగా ఒక బండి కోళ్ల పెంట నత్రజనికి ఆరు బండ్ల పశువుల పెంటతోను, భాస్వరమునకు పదమూడు బండ్లతోను సమానము.

ఈ రహస్యము పెరూ దేశీయులకు ఏనాడో తెలియును. సముద్రపు దీవులలో పక్షులరెట్ట గుట్టలుగా పేరుకొనినదానిని వారు గ్వానో అని పిలిచి చేలకు వాడుకొనిరి. హంబోల్ట్ అను యాత్రికుడు 1804లో దాని మచ్చు ఐరోపాకు కొనిపోయెను. 1840 తరువాత ఓడలకొలది గ్వానో ఇంగ్లండు పొలములకు చేరినది. నాలుగు దశాబ్దములు గడచునప్పటికి మేలైన గుట్టలు తరిగిపోయినవి.

తెలుగునాట పక్షులరెట్ట గుట్టలు పడుట ఇటీవలి మాట. 1971లో హైదరాబాదులో బి. వి. రావు వెంకటేశ్వర హేచరీస్ నెలకొల్పెను. 1982లో గ్రుడ్ల ధర నిర్ణయమునకు సమన్వయ సంఘము ఏర్పడినది. పెరటికోడి షెడ్డులోకి పోయినది. మాంసపుకోళ్ల షెడ్డులో ఊకయో, వేరుసెనగ పొట్టో, రంపపుపొట్టో పరుతురు. రెట్ట అందు కలిసిపోవును. దీనినే లిట్టరు అందురు. మంద నడచి చేనికి పోయినది, కాని షెడ్డులోని కోడి నడువదు. పెంట అంతయు ఒక్కచోట పడును. దానిని లారీపై ఎత్తి ఎచ్చటికి పంపవలెనన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు మేతబీడు అని జవాబు చెప్పిన దేశములలో బ్రెజిల్ ఒకటి. అచ్చటి మాంసపు పశువులలో పెక్కు మన ఒంగోలు జాతి సంతతియే. పందొమ్మిదవ శతాబ్దమునుండి 1960 దశాబ్ది మొదటివరకు విడతలుగా అవి ఓడలెక్కినవి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడునంతవరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. అందుచే అచ్చటివారు వానిని నెలోరి అందురు. బ్రెజిల్ బీళ్లలో భాస్వరము కొరత మెండు. ఆ కొరతతో పశువులు ఎముకలు నమలి, కుళ్లిన కళేబరములలోని విషముచే కాళ్లుచేతులు పడిపోయి చచ్చుట అచ్చట చిరకాలముగ తెలిసినదే. అదియే బొట్యులిజమ్. భాస్వరము నిండుగా ఉన్న కోళ్ల లిట్టరు అట్టి బీడునకు మందువంటిది. కాని షెడ్డులో చచ్చిన కోడి లిట్టరులో మిగిలిన ఆ విషమే మరల బీడునకు వచ్చును. అందుచే బ్రెజిల్ ప్రభుత్వము పశువులకు లిట్టరును దాణాగా పెట్టుటను నిషేధించినది. ఎరువుగా వేయవచ్చును గాని, నేలలో కలిపిన 40 దినములవరకు పశువును బీడున విడువరాదని 2009లో నియమించినది.

అమెరికాలోని జార్జియాలో మరియొక పాఠము దొరకినది. 1970 దశాబ్దిలో ఫెస్క్యూ అను గడ్డిపై లిట్టరును విపరీతముగా వేసినచోట పశువులకు నైట్రేటు విషము, మెగ్నీషియము తగ్గి వచ్చు వణకు జబ్బు, కడుపులోని క్రొవ్వు గట్టిపడు వ్యాధి కనిపించినవి. గడ్డి ఏపుగా పెరిగినది, ఆవు మాత్రము పడిపోయినది. ఓక్లహోమా రాష్ట్రము తన నది చెడినదని కోళ్ల కంపెనీలపై 2005లో దావా వేయగా, 2023లో న్యాయస్థానము లిట్టరులోని భాస్వరమే నీటిని చెరచినదని తీర్పుచెప్పినది. కారణము సులభముగానే తెలియును. గడ్డికి భాస్వరముకంటె నత్రజని చాల ఎక్కువ కావలెను. లిట్టరులో రెండును ఇంచుమించు సరిసమానము. నత్రజని లెక్కకు వేసినచో భాస్వరము మిగిలిపోవును. మేసిన పశువు దానిలో చాలవంతు పేడగా అచ్చటనే విడుచును. వాన వచ్చినపుడు అది పల్లమునకు కొట్టుకొనిపోవును.

కొండవీటిలో ఆ పల్లమేదో మనకు తెలియును. కొండపై ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు కలవు. ఈ కొండలలోనే పుట్టు కొండవీటివాగు ఉండవల్లియొద్ద కృష్ణలో కలియును. వాలునేలపై వానకాలమున లిట్టరు చల్లినచో చెరువునకు పాచి, వాగునకు మురికి తప్పవు. అడవిపచ్చికపై దానిని చల్లుటకు నేను ఒప్పుకొనను. ఊరి ఉమ్మడి బీడుపై చల్లువాడు ఎటులను లేడు. పదిమంది పశువులు మేయు నేలకు ఒక్కడు లారీబాడుగ ఏల ఇచ్చును? మిరపకును ప్రత్తికిని వేసినచో తన పెట్టుబడి తనకే వచ్చును.

మిగిలినది సొంతనేలలోని కోతగడ్డి. నేపియరువంటి గడ్డి మడిలో లిట్టరు వేసి, గడ్డిని కోసి కొట్టమునకు మోసినచో భాస్వరము గడ్డితోపాటు మడి దాటిపోవును. గట్టు ఎత్తుగానున్న సమతలపు మడి కావలెను. లిట్టరులోని చచ్చిన కోళ్లను ఏరివేసి, తడిపి, కుప్పవేసి, లోపల బాగుగా వేడెక్కి చల్లారువరకు మాగవేయవలెను. తొలకరికి ముందు చల్లి దున్నవలెను.

మాచెర్ల గొర్రెలు గల రైతు ఇంకొక్కమాట వినవలెను. కొన్నిచోట్ల కోళ్లదాణాలో మైలుతుత్తము కలుపుదురు. ఆ రాగి లిట్టరులోనికి దిగును. గొర్రె కాలేయము రాగిని కూడబెట్టుకొనును, విడువదు. ఆవు తట్టుకొను పాలు గొర్రెను చంపును. కాబట్టి షెడ్డువద్ద లారీ నిండకముందే ఆ కోళ్లకు ఏ దాణా పెట్టిరో అడిగి తెలిసికొనవలెను.