చెన్నపురికి చలువ యెచ్చటిది?

ఎండకాలము వచ్చినంతనే చెన్నపురి వాసుల నోట వినవచ్చు మాట యొకటి కలదు. చుట్టును ఇన్ని నీళ్లుండగా ఈ పట్టణమునకు ఇంత వేడిమి యేల యని. తూర్పున సముద్రము, ఉత్తరమున మనవారు ప్రళయకావేరి యని పిలిచెడి పులికాటు సరస్సు, పడమటను వాయవ్యమునను పుళల్, చోళవరము, పూండి, చెంబరంబాక్కము మొదలగు పెద్ద చెరువులు కలవు. వీని నడుమ, ఎన్నూరు ఉప్పుటేటికి చేరువనున్న ఆత్తిపట్టు మొదలుకొని తిరుత్తణి వరకు స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న కేవలము కాలక్షేపమునకు కాదు. ఏ నీరు ఎంత చలువ నిచ్చుచున్నదో తెలిసికొన్ననాడే, దేనిని కాపాడుకొనవలెనో మనకు తెలియగలదు.

మొదట నీటి స్వభావమును కొంచెము విచారింతము. కొంత నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు కావలసిన ఉష్ణము, అంతే బరువుగల ఎండుమట్టికి కావలసిన దానికంటె నాలుగైదు రెట్లుండును. మట్టిపైబడిన యెండ పైపొరలోనే నిలిచిపోవును; నీటిపైబడినది లోతునకు దిగును, అలలు దానిని కలియబెట్టును. ఇంతేగాక ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడిమిని హరించును. మట్టికూజాలో నీరు చల్లబడుటకు కారణమిదియే. కావున మధ్యాహ్నవేళ చెరువు గట్టుకంటె చల్లగా నుండి, దాని మీదుగా వచ్చు గాలిని చల్లబరచును. రాత్రివేళ మట్టి త్వరగా చల్లారును గాని నీరు చల్లారదు; అందువలన చెరువు ప్రక్కన రాత్రులు అంత చలిగా నుండవు. చెరువు చేయు పని చల్లబరచుట యొక్కటియే కాదు, పగటికిని రాత్రికిని గల అంతరమును తగ్గించుట కూడ. దీనికొక మూల్యము కలదు. గాలిలో తేమ హెచ్చినచో చెమట ఆరదు. ఉష్ణమాపకము తగ్గుదల చూపినను, దేహమునకు ఉక్క తప్పదు.

అయితే ప్రతి సరస్సును ప్రతి పట్టణమునకు చలువ నీయజాలదు. వైశాల్యము, లోతు, గాలిదిక్కు అను మూడును అనుకూలింపవలెను. ఇందుకు అమెరికాలోని చికాగో చక్కని నిదర్శనము. మన బంధువులనేకులు నేడు కాపురమున్న ఆ నగరము, 58,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యమును, సగటున 85 మీటర్ల లోతును గల మిషిగన్ సరస్సు నానుకొని యున్నది. చలికాలపు శైత్యమును ఆ నీరు వసంతము గడచువరకును విడువదు. సరస్సు దిక్కునుండి గాలి వీచిన వసంతదినములలో తీరమునకును, లోపలి పేటలకును ఉష్ణములో స్పష్టమైన భేదము కానవచ్చును.

మన పులికాటు సరస్సు సంగతి వేరు. ఉప్పునీటి సరస్సులలో భారతదేశమున చిల్కా తరువాత ఇదియే పెద్దది. చరిత్రలో దీని స్థానము గొప్పది. విజయనగర రాజుల నాట దీని తీరమున నున్న రేవు ప్రసిద్ధమైనది. డచ్చివారు అచ్చట 1613లో గెల్డ్రియా కోటను కట్టిరి. ఆంగ్లేయులు 1626లో ఈ సరస్సు ఉత్తరపు కొననున్న దుగరాజపట్టణమున వర్తకశాల నెలకొల్పి, అచ్చట నిలదొక్కుకొనజాలక, 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుని వలన దక్షిణమున చోటు సంపాదించిరి. ఆ చోటే చెన్నపట్టణమైనది. ఆ విధముగా పట్టణపు పుట్టుకకు ఈ సరస్సుతో సంబంధము కలదు గాని, పట్టణపు చలువకు లేదనియే చెప్పవలెను. ఏలయన, దీని లోతు చాలచోట్ల నడుములోతునకు మించదు. వేసవిలో ఉత్తరభాగమున పెక్కుచోట్ల నేల బయటపడును. అట్టి పలుచని నీరు ఎండకు త్వరగా వేడెక్కును. ఎన్నూరు ప్రాంతపు ఉప్పుమళ్లను చూచిన మనవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు: పలుచని నీటిని ఎండ యెంత వేగముగ వేడిచేయునో ఉప్పు పండించువారికి తెలిసినంతగా మరెవ్వరికి తెలియును? పైగా సరస్సు పట్టణమునకు ఏబది కిలోమీటర్లకు పైబడి ఉత్తరముగ నున్నది. వేసవిలో గాలి అటునుండి యిటు వీచుట అరుదు. దాని చలువ యేదేని యున్నచో అది తీరగ్రామముల వారిదే.

పట్టణమునకు ముఖ్యమైన చలువ సముద్రపుగాలి. ఈ విషయమున మనకు సుదీర్ఘమైన సాక్ష్యము కలదు. 1792లో నుంగంబాక్కమున స్థాపింపబడిన నక్షత్రశాలలో 1796 నుండి వాతావరణమును వ్రాసి యుంచుచు వచ్చిరి. ఆ శాలలో దూరదర్శినిని నిలిపిన రాతికంబముతో కూడిన శాసనము లాటినుతోపాటు తమిళమునను, తెలుగునను చెక్కబడి యుండుట మనకు ఆనందదాయకము. మే నెలలో ఉదయమున పడమటి వడగాలి వీచును. మధ్యాహ్నమునకు కొంచెము అటునిటుగా తూర్పుగాలి తిరిగి పట్టణమును చల్లార్చును. పడమటిగాలి బలిసి తూర్పుగాలిని ఆలస్యము చేసిననాడు పాదరసము 40 డిగ్రీలను దాటును. 2003 మే 31న నుంగంబాక్కమున నమోదైన 45 డిగ్రీలు అంతవరకు ఎన్నడును ఎరుగనివి. అది సరిగా రోహిణీకార్తె. రోళ్లు పగులునన్న పెద్దల మాట ఆనాడు చెన్నపురికిని చెల్లినది.

సముద్రపుగాలి రాకమునుపు గంటలలోను, అది బలహీనపడు పడమటి పేటలలోను చెరువుల ప్రయోజనము కనబడును. పడమటిగాలి పట్టణము చేరుటకు ముందు దాటివచ్చు నేలపై నిండుచెరువులును, తడిసిన ఆయకట్టును ఉన్నచో కొంత వేడిమి ఆవిరి రూపమున ఖర్చగును. ఎండిన బీళ్లును, కట్టడములును ఉన్నచో ఆ వేడిమి యంతయు గాలినే చేరును. ఒక్కొక్క చెరువు చలువ కొలది దూరములోనే అణగిపోవును. అందుచేతనే పెద్ద చెరువొకటి యుండుటకంటె చెరువుల వరుస యుండుట మేలు. మన పూర్వులు నిర్మించినది అట్టి వరుసయే. పొన్నేరి మొదలగు ఊళ్లపేళ్లలో ఏరి యను మాట నేటికిని నిలిచియున్నది. ఒక చెరువు అలుగు పారిన నీరు మరియొక చెరువును నింపెడిది. 1872 నుండి పట్టణమునకు త్రాగునీరిచ్చుచున్న పుళల్ చెరువును ఈ వరుసలోనిదే. కొసస్థలి నీటిని మళ్లించి చోళవరము మీదుగ దానిని నింపుదురు.

పట్టణము లోపల ఈ వరుస ఎట్లు తెగినదో తెలిసికొనదగినది. నుంగంబాక్కము, మాంబలము, మైలాపురములకు చెందిన పొడవైన చెరువు సైదాపేట దిక్కునకు సాగియుండెడిది. 1920 దశకమున మాంబలపు చెరువును పూడ్చి త్యాగరాయనగరమును నిర్మింప నారంభించిరి. ఆ పేరు మన తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. దాని నడుమనున్న ఉద్యానము పేరు మరియొక తెలుగు ప్రముఖుడైన పానగల్లు రాజాగారిది. పెరుగుచున్న జనమునకు ఇండ్లు కావలసియుండెను. నాటివారిని నిందించి ప్రయోజనము లేదు. నుంగంబాక్కము చెరువు మిగిలిన భాగమును 1970 దశకమున పూడ్వబడి, దానిపై వళ్లువర్ కోట్టము లేచినది. నేడు చెరువుగట్టు వీథి, చెరువు చూపు వీథి యను అర్థమిచ్చు ఆంగ్లనామములు మాత్రము మిగిలినవి. వేడిమిని కొలుచుచున్న నక్షత్రశాలకు చేరువలోనే చెరువు మాయమైన దన్నమాట. 45 డిగ్రీలకు ఇదియే కారణమనరాదు. కాని పగటి వేడిమిని నీటికి మారుగా కాంక్రీటు దాచుకొని రాత్రివేళ వెడలగ్రక్కుచున్నదనుట నిశ్చయము.

1960 ఏప్రిల్ 1న ఎల్లలు మారినప్పుడు తిరుత్తణి మదరాసు రాష్ట్రమున కలిసెను. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రమున చేరెను. నీరు మాత్రము ఎల్లలను దాటి వచ్చుచునే యున్నది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు కృష్ణాజలములలో తలకొక 5 శతకోటి ఘనపుటడుగులు చెన్నపురికీయ 1976లో అంగీకరించినవి. 1983లో రామారావుగారును రామచంద్రన్‌గారును ముఖ్యమంత్రులై యుండగా తెలుగుగంగ పథకము ప్రారంభమైనది. 1996లో కృష్ణానీరు పూండి చేరినది. మూడు రాష్ట్రములిచ్చు 15లో ఎల్లకు చేరవలసినది 12 మాత్రమే. తక్కిన 3 ఆవిరికిని, ఇంకుడుకును పోవునని లెక్క. దారిలో ఆవిరియగు నీరు లెక్కలవారికి నష్టము. ఆ దారివెంబడి గాలికి మాత్రమది చలువయే.

ఆ నీటి విలువను 2019 జూను మాసము తెలియజేసినది. నాడు పట్టణపు చెరువులు నాలుగును దాదాపు ఎండిపోయి, నీళ్లబండ్ల వెంట జనము బారులు తీరిరి. ఎండిన చెరువు త్రాగుటకు నీరు నీయకపోవుటయే గాక, పగటివేళ చుట్టుప్రక్కల బీళ్లవలెనే కాగును. ఒకే లోపము రెండు విధముల బాధించును.

ఆత్తిపట్టు నేడు మారిన యూరు. 1994లో ఉత్తర చెన్నై తాపవిద్యుత్కేంద్రము పనిచేయసాగెను. 2001లో ఎన్నూరు రేవు తెరువబడెను. యంత్రములను చల్లార్చిన నీరు తానే వేడిమిని మోసికొని ఉప్పుటేటిలో కలియుట జాలరుల మొరకు కారణమైనది. ఆ మొర న్యాయమైనది. ఏలయన, నీరు వేడిమిని పుచ్చుకొని దాచుకొనునే గాని దానిని లేకుండ చేయదు.

సముద్రపుగాలిని మనము రప్పింపలేము, పులికాటు లోతును పెంపలేము. మన ఊరి చెరువు సంగతి అట్లు కాదు. దాని పూడిక తీయించుట, తూమును అలుగును చెడకుండ చూచుట, గట్టు లోపల ఇండ్లు లేవకుండ పంచాయతీలో అడుగుట మన చేతిలోని పనులు. ఆయకట్టు అను మాట తెలుగునను తమిళమునను ఒక్కటే. ఈ పనిలో ఇరుగుపొరుగు తమిళ సోదరులతో కలిసి నడుచుటకు మన సంఘములు పూనుకొనవలెను. మన పిల్లలు ఈ నేలనే కాపురముండవలసినవారు. వారి వేసవులు ఎట్లుండునో కొంతవరకైనను ఈ చెరువుల నిండుదనమునుబట్టి యుండును.